ఇద్దరి మధ్య నలుగురు



మాకు పాఠాలు చెప్పిన మేడమ్‌గారి పేరిట ధర్మనిధి పెట్టి ఏటా ఒక ఉపన్యాసం ఇప్పించాలనుకున్నప్పుడు, మొదటిది నన్ను ఇవ్వమని వారి అమ్మాయి ఫోన్ చేసింది. ఏ విషయం మీద అని అడిగాను. "మీరంతా అమ్మ దగ్గరికి దేనికోసం వచ్చేవాళ్లో దాని మీద" అంది. ఇక వెతుక్కోవలసిన పని లేకపోయింది. ముందు వరసల్లో కూర్చున్న చాలామంది రాజమండ్రిలోని ఆవిడ వరండాలో, ఆ పేము కుర్చీలో, ఏదో ఒక సాయంత్రం కూర్చున్నవాళ్లే. పాఠంలో సందేహం అని చెప్పి వెళ్లేవాళ్లం. ఆవిడ పుస్తకం తెరిచేవారు. రెండు నిమిషాలు గడిచేసరికి అసలు సందేహం బయటపడేది. మాటలు వేరువేరుగా ఉండేవి గాని ప్రశ్న ఒక్కటే. "మేడమ్, మా ఇంట్లో ఇలా అంటున్నారు. నిన్నటిదాకా నాకు అతని మీద ఏ అనుమానమూ లేదు. ఇవాళ ఉంది. ఇది నాదా, వాళ్లదా?"

నలభై ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మేడమ్‌గారిలాగే నేనూ పాఠాలు చెప్పాను, నా దగ్గరికీ పిల్లలు వచ్చారు. ప్రేమలో సందేహం ఇద్దరి మనసుల్లోనే పుట్టి అక్కడే తీరుతుందని మనం అనుకుంటాం. కథలూ అలాగే చెబుతాయి. నేను చూసినంతలో మాత్రం ఆ సందేహాన్ని పుట్టించడంలోనూ, పెంచడంలోనూ, ఆర్పడంలోనూ చుట్టూ ఉన్నవాళ్ల చెయ్యి చాలా పెద్దది. అమ్మ, నాన్న, అన్న, వదిన, హాస్టల్ గదిలో పక్క మంచం మీది స్నేహితురాలు. వీళ్లు మనకిచ్చేవి రెండు. ఒకటి తెలిసిన సంగతి, రెండోది భయం. రెండూ ఒకే గొంతుతో, ఒకే ప్రేమతో వస్తాయి కాబట్టి ఏది ఏదో పోల్చుకోలేకపోతున్నాం. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మన మాటలతోనే మొదలుపెడతాను. పెళ్లికి ముందు జరిగే తంతును నిశ్చితార్థం అంటాం, నిశ్చయ తాంబూలాలు అంటాం. అనిశ్చితిని పోగొట్టడమే ఒక వేడుకగా చేసుకున్న జాతి మనది. అయితే నిశ్చయించేది ఎవరు? తాంబూలాలు మార్చుకునేది వియ్యంకులు. 'సంబంధం కుదిరింది' అంటాం, ఎవరు కుదుర్చుకున్నారో ఆ వాక్యంలో ఉండదు. 'మాట ఇచ్చాం' అంటాం, ఆ 'మాట' పెళ్లికూతురి నోటి నుంచి వచ్చింది కాదు. అసలు 'సంబంధం' అన్న మాటే చూడండి. రెండు కుటుంబాల పొత్తుకూ, ఇద్దరు మనుషుల మధ్య ఉన్నదానికీ మనం ఒకే మాట వాడతాం. మొదటి అర్థంలో వాడితే గౌరవం. పెళ్లికాని ఇద్దరి గురించి రెండో అర్థంలో వాడితే వీధిలో తలలు తిరుగుతాయి.

బంధుత్వ పదాలు ఇంకా ముందుకెళ్లాయి. మేనమామా మామయ్యే, పిల్లనిచ్చినవాడూ మామయ్యే. మేనత్తా అత్తయ్యే, మొగుడి తల్లీ అత్తయ్యే. మేనత్త కొడుకు పుట్టిన రోజునే 'బావ'. పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు అన్నదమ్ములు. ఎవరిని ఇష్టపడవచ్చో, ఎవరి వైపు మనసు పోకూడదో 'వరస' అన్న ఒక్క మాట తేల్చేసింది. మేనరికాలు వైద్యపరంగా మంచివి కావన్నది వేరే సంగతి. అక్కడ ఏ అనిశ్చితిని లేకుండా చేశారన్నది నా ప్రశ్న. అతని తాత ఎలాంటివాడో తెలుసు, ఇంటి వంట తెలుసు, అత్తగారి కోపం చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియనిది, ఎవరూ అడగనిది ఒక్కటే, ఈ అమ్మాయికి ఈ అబ్బాయి ఇష్టమేనా అన్నది. కుటుంబం తన సందేహాలన్నీ తీర్చుకుంది, ఆమెది మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇది పాతకాలం ముచ్చట అనకండి. 2011-12లో దేశవ్యాప్తంగా జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో, భర్తను పూర్తిగా తామే ఎంచుకున్నామని చెప్పిన స్త్రీలు ఐదు శాతం దగ్గరే తేలారు. మిగతావాళ్లందరికీ బలవంతంగా పెళ్లి చేశారని కాదు, పెద్దలతో కలిసి నిర్ణయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కాని పెద్దల గొంతు వినపడని పెళ్లి మన దగ్గర ఎంత అరుదో ఆ అంకె చెబుతుంది. అందుకే ఈ విషయాన్ని ఇక్కడ కూర్చుని మాట్లాడుకోవాలి.

మేడమ్‌గారి అలమరాలో ఒక పత్రిక జిరాక్స్ కాపీ ఉండేది. అంచులు పసుపు పట్టిపోయాయి. 1975లో చార్లెస్ బెర్గర్, రిచర్డ్ కాలబ్రీస్ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన వ్యాసం. కొత్తవాళ్లు ఇద్దరు కలిసినప్పుడు ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియకపోవడమే పెద్ద ఇబ్బంది అని, తొలి మాటలన్నీ ఆ తెలియనితనాన్ని తగ్గించుకోవడానికేనని వాళ్ల వాదం. తర్వాత బెర్గర్ దీనికి మూడు దారులు చెప్పాడు. దూరం నుంచి గమనించడం, ఇతరుల్ని అడిగి తెలుసుకోవడం, ఆ మనిషినే అడగడం. మేడమ్‌గారు ఈ రెండో దారి దగ్గర ఆగి, "దీనికి మన దగ్గర ఎప్పటి నుంచో ఒక మాట ఉంది, ఏమిటది?" అని అడిగేవారు. క్లాసంతా ఒక్కసారే "వాకబు" అనేది.

వాకబు ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పాలా? అబ్బాయి పనిచేసే ఆఫీసులో మనవాళ్లెవరైనా ఉన్నారా అని చూస్తారు. వాళ్ల ఊరి నుంచి మన ఊరికి కోడలిగా వచ్చినావిడను కదుపుతారు. కిరాణా కొట్టులో ఖాతా సంగతి, మొదటి సంబంధం ఎందుకు తప్పిపోయింది, తాగుడు ఉందా, అప్పులు ఉన్నాయా, తండ్రి పోయాక చెల్లెళ్లను ఎలా చూసుకున్నాడు. ఇప్పుడు అదే పని డాలస్‌లో ఉన్న పెదనాన్నగారబ్బాయి చేత ఫోన్‌లో చేయిస్తున్నారు. నేను వాకబును తక్కువ చేయను. చెల్లెళ్లను ఎలా చూసుకున్నాడన్న ప్రశ్న ఏ మ్యాట్రిమొనీ ఫారంలోనూ లేదు, దానికి జవాబు ఊరికి మాత్రమే తెలుసు. ప్రేమలో ఉన్న పిల్ల ఆ ప్రశ్న అడగదు, అడగాలని తోచదు. అది పెద్దవాళ్లు నిజంగా ఇవ్వగలిగిన కానుక.

కాని ఒకటి గమనించండి. వాకబు చేసేవాళ్లు తెచ్చిన సంగతులన్నీ ఆమెకు చేరవు. హాల్లో పెద్దల మధ్య తిరుగుతాయి. ఆమెకు చివరకు అందేది వాటి సారం కూడా కాదు, 'ఆ సంబంధం వద్దులే' అన్న ముక్క. కారణం తెలియని తీర్పు సందేహాన్ని తీర్చదు, ఇంకోదాన్ని పుట్టిస్తుంది.

1999లో లీయాన్ నాబ్లాక్, డెనీస్ సాలమన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రేమబంధంలో ఉండే సందేహాన్ని మూడుగా విడదీశారు. నా మనసు నాకు నిజంగా తెలుసా? అతని మనసులో ఏముంది? అసలు మా ఇద్దరి మధ్య ఉన్నదేమిటి, ఎటు పోతోంది? చక్కటి విభజన. నా దగ్గరికి వచ్చిన పిల్లల మాటలు విన్నాక మన దగ్గర నాలుగోది కూడా ఉందని నాకు అర్థమైంది. మా ఇంట్లో ఒప్పుకుంటారా? పైకి ఇది బయటి ప్రశ్నలాగా ఉంటుంది. కాని ఇదే మొదట వచ్చి కూర్చుని మిగతా మూడింటికీ మేత వేస్తుంది. ఇంట్లో ఒప్పుకోరని తెలిసిన అబ్బాయి అమ్మాయితో రేపటి గురించి మాట్లాడటం తగ్గిస్తాడు. ఆ మౌనం చూసి ఆమె అతని మనసును శంకిస్తుంది. శంకిస్తున్నందుకు తన మనసునే శంకించుకుంటుంది. మూడు నెలలకు నాలుగో ప్రశ్న ఇద్దరికీ గుర్తుండదు. "మా మధ్య ఏదో పోయింది మేడమ్" అంటారు. పోయింది వాళ్ల మధ్యది కాదు.

దీనికి బలమైన ఆధారం 1983లో మాల్కమ్ పార్క్స్, మారా ఎడెల్‌మన్ ఇచ్చారు. పెళ్లికి ముందు దశలో ఉన్న యువతీయువకుల్ని అడిగారు. మీవాళ్లు మీకు అండగా ఉన్నారా, అవతలి వ్యక్తి ఇంటివాళ్లతో, స్నేహితులతో మీరు ఎంతగా మాట్లాడతారు, మీ బంధం గురించి మీకు ఎంత సందేహం ఉంది అని. మూడు నెలలు గడిచాక మళ్లీ పలకరించి, ఇంకా కలిసే ఉన్నారా అని కనుక్కున్నారు. అండ ఉన్నవాళ్లకు, అవతలివైపు మనుషులతో మాటామంతీ ఉన్నవాళ్లకు సందేహాలు తక్కువ, విడిపోవడమూ తక్కువ. ఇందులో నన్ను పట్టి ఆపింది ఆ రెండో భాగం. అతని చెల్లెలితో అరగంట కబుర్లు చెప్పుకున్న అమ్మాయికి అతని గురించి కొత్తగా ఏం తెలిసి ఉంటుంది? చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డాడని, ఉల్లిపాయ వేస్తే ఉప్మా తినడని. ఇవేవీ పెద్ద సమాచారం కాదు. కాని ఆ చెల్లెలు ఆమెను 'వదినా' అని ఒక్కసారి పిలిస్తే, ఆ పిలుపు చేసే పని అతను వందసార్లు 'నన్ను నమ్ము' అన్నా జరగదు. నలుగురి నోట ఒక పేరు పడితే తప్ప ఏ బంధమూ పూర్తిగా నిజమనిపించదు. ఇది మన బలహీనత అంటారేమో, నేను అనను. మనిషి అలాంటివాడు.

ఆ పేరు పడకూడదని దాచుకునేవాళ్ల మాట ఏమిటి? ఫోన్‌లో అమ్మాయి నంబరును అబ్బాయి పేరుతో సేవ్ చేసుకుని, స్టేటస్‌ను ఇంట్లోవాళ్లకు కనపడకుండా దాచుకుని, బస్‌స్టాప్‌లో వేరువేరుగా నిలబడే పిల్లలు. దాపరికం మొదట్లో ప్రేమను ఎక్కువ చేసినట్టే ఉంటుంది. 1994లో డేనియల్ వెగ్నర్, అతని సహచరులు ఒక ప్రయోగం చేశారు. ముక్కూమొహం తెలియని యువతీయువకుల్ని జంటలుగా పేకాటకు కూర్చోబెట్టి, కొన్ని జంటల్ని మాత్రం బల్ల కింద కాళ్లు తగిలించి ఉంచమన్నారు, ఎదుటి జంటకు తెలియకుండా. రహస్యంగా అలా చేసినవాళ్లకు ఒకరి మీద ఒకరికి ఆకర్షణ ఎక్కువ కనిపించింది. దాచినది మనసులో తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరగడాన్నే ప్రేమ అనుకుంటాం. తర్వాత 2009లో జస్టిన్ లేమిల్లర్ నిజజీవితంలో రహస్య బంధాలను చూస్తే లెక్క తిరగబడింది. దాచుకున్నవాళ్లలో ఆ బంధానికి కట్టుబడి ఉండాలన్న పట్టుదల తక్కువగా ఉంది. ఒక సాయంత్రపు పేకాటకు సరిపోయే ఉద్వేగం రెండేళ్ల రోజువారీ దాపరికాన్ని మోయలేదు.

పెద్దలు అడ్డుపడితే ప్రేమ గట్టిపడుతుందన్న నమ్మకం కూడా ఇలాంటిదే. సినిమా చూసే ప్రతి తెలుగువాడికీ ఇది సిద్ధాంతం. దీనికి శాస్త్రం పేరు కూడా తోడైంది. 1972లో అమెరికాలో రిచర్డ్ డ్రిస్కల్, కీత్ డేవిస్, మిల్టన్ లిపెట్జ్ 140 జంటలను పరిశీలించి, తల్లిదండ్రుల జోక్యం ఎక్కువైనచోట ప్రేమ కూడా ఎక్కువగా కనిపించిందన్నారు. షేక్‌స్పియర్ జంట పేరు పెట్టి దాన్ని ప్రపంచమంతా చెప్పుకుంది. అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. జోక్యం పెరిగినచోట ఒకరి మీద ఒకరికి నమ్మకం తగ్గింది, తప్పులు పట్టడం పెరిగింది. 2014లో కొలీన్ సింక్లెయిర్, ఆమె సహచరులు ఆ పనిని మళ్లీ చేసి చూస్తే ప్రేమ పెరగడం కూడా కనిపించలేదు. ఇంటివాళ్లు, స్నేహితులు ఒప్పుకున్నచోటే ప్రేమా, నమ్మకమూ ఎక్కువ ఉన్నాయి. తన పట్టుదల పిల్లల ప్రేమకు పరీక్ష అని చెప్పే ప్రతి తండ్రికీ ఈ ముక్క వినిపించాలని నాకుంది. అది పరీక్ష కాదు, చెద.

1978లో వచ్చిన 'మరో చరిత్ర' సినిమా మీలో చాలామంది చూశారు. విశాఖపట్నం సముద్రం పక్కన జరిగే కథ. ప్రేమించుకున్న ఇద్దరికీ ఇరువైపుల పెద్దలు పెట్టిన షరతు ఒక ఏడాది ఎడబాటు. కలవకూడదు, మాట్లాడకూడదు, అప్పటికీ ప్రేమ ఉంటే చూద్దాం. చూసినప్పుడు మేమంతా ఏడ్చాం. ఈ ఉపన్యాసం రాసుకుంటున్నప్పుడు నాకు తట్టింది వేరు. ఆ షరతు వాళ్ల ప్రేమను కొలవలేదు. ఒకరి గురించి ఒకరు తెలుసుకునే దారులన్నీ మూసేసింది. ఆ ఖాళీలోకి మూడో మనిషి చెప్పిన ఒక్క అబద్ధం వస్తే, కాదని చెప్పేవాళ్లు లేక అది నిజమైపోయింది.

ఆగమని చెప్పడం తప్పు అని నేననను. ఇంకో ఆగడం గురించి చెబుతాను. నాస్తికోద్యమ నాయకుడు గోరాగారు తన పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడు అర్జునరావుగారికిచ్చి పెళ్లి చేయాలనుకున్నప్పుడు గాంధీజీ ఆశీర్వదించారు, సేవాగ్రామ్‌లో తానే దగ్గరుండి చేయిస్తానన్నారు, అయితే కొంతకాలం ఆగమన్నారు. ఆ కాలంలో అర్జునరావుగారు ఆశ్రమంలో ఉండి, అక్కడివాళ్లలో ఒకరైపోయారు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగింది. గాంధీజీ అప్పటికి లేరు, ఆశ్రమం ఉంది. ఇది సినిమాలోలాంటి ప్రేమకథ కాదు, పెద్దలే తలపెట్టిన పెళ్లి. కాని ఆగమన్న రెండు మాటల మధ్య తేడా చూడండి. ఒకచోట నలుగురూ మధ్యలో గోడ కట్టారు. ఇంకోచోట నలుగురూ కూర్చోవడానికి చోటిచ్చారు.

ఇప్పుడు పెద్దల పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పెద్దలకు కనిపించేది ప్రేమలో ఉన్నవాళ్లకు కనిపించదు అంటారు, అందులో నిజం ఎంత? కెనడాలో టారా మెక్‌డొనాల్డ్, మైకేల్ రాస్ 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. విద్యార్థుల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని, గదిలో తోడున్నవాళ్లను వేరువేరుగా అడిగారు, ఈ ప్రేమ ఎన్నాళ్లుంటుందని. ప్రేమికులు ధీమాగా చెప్పారు. తల్లిదండ్రుల అంచనా, రూమ్మేట్ల అంచనా వాళ్లకంటే నిజానికి దగ్గరగా తేలింది. ఇక్కడితో ఆపితే పెద్దలు గెలిచినట్టే. కాని అదే విద్యార్థులు తమ బంధం నాణ్యత గురించి, అంటే ఎంత తృప్తిగా ఉన్నాం అన్న ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు చూస్తే, ఎవరు నిలుస్తారో ఎవరు విడిపోతారో వాటిలో ఉంది. జ్ఞానం వాళ్ల దగ్గరే ఉంది. 'ఎన్నాళ్లు' అని అడిగినప్పుడు దాన్ని పక్కన పెట్టి ఆశ మాట్లాడింది. అందుచేత పిల్లలకు జవాబు చెప్పేవాళ్లకంటే మంచి ప్రశ్న అడిగేవాళ్లు కావాలి. అతను ఎలాంటివాడు అని కాదు. అతని దగ్గరి నుంచి వచ్చిన సాయంత్రం నువ్వు ఇంట్లో ఎలా ఉంటావు? నీకు జ్వరం వచ్చిన వారం ఏం చేశాడు? వీటికి పిల్ల చెప్పే జవాబు ఆమెకే వినపడుతుంది.

మన దగ్గర ప్రశ్నల బదులు రెండు మాటలు వాడతాం. వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నా జీవితంలో చూసిన బాధలో సగం వీటి వల్ల వచ్చింది.

మొదటిది 'నీ ఇష్టం'. అమ్మ అంటుంది. కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా. వినడానికి స్వేచ్ఛ ఇచ్చినట్టే ఉంటుంది. ఆ తర్వాత నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినదు. నాన్నకు బీపీ పెరిగిందన్న కబురు అన్నయ్య ద్వారా వస్తుంది. ఎవరూ కాదనలేదు, కాబట్టి ఎవరితోనూ వాదించడానికి లేదు. కాదంటే పిల్ల ఎందుకని అడుగుతుంది, కారణం వస్తే దాన్ని తూచుతుంది, తప్పయితే కోపం తెచ్చుకుంటుంది, ఒప్పయితే ఆలోచిస్తుంది. 'నీ ఇష్టం' ఆమెకు ఏదీ మిగల్చదు. ఆ మాట విని వచ్చిన అమ్మాయిలు నా ముందు కూర్చుని ఒకే రకంగా మాట్లాడేవారు. "అమ్మ ఒప్పుకుంది మేడమ్. కాని నాకే ఎందుకో..." ఆ వాక్యం ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. తల్లి నోరు తెరిచి చెప్పని 'వద్దు' కూతురి మనసులో ఆమె సొంత సందేహంలా మొలుస్తుంది. తల్లులు కావాలని చేస్తారని నేననుకోను. వాళ్ల తల్లులు వాళ్లతో మాట్లాడిన భాష అది. అయినా బాహాటంగా 'నాకు ఇష్టం లేదు, ఇందుకు' అనడం దీనికంటే వెయ్యిరెట్లు దయగలది.

రెండో మాట 'ఏమో'. ఇది స్నేహితులది. ఇక్కడ నా గురించి చెప్పుకోవాలి.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నాకు ప్రాణసమానమైన స్నేహితురాలు ఉండేది. ఒక సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర తను ప్రేమించిన అబ్బాయిని నాకు పరిచయం చేసింది. అతను వేరే కులం. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. పిడత కింద పప్పు కొనిపెట్టాడు, మా ఊరు, మా చదువు అడిగాడు, చీకటి పడుతోందని మమ్మల్ని రిక్షా దాకా దింపి వెళ్లాడు. రిక్షాలో ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఎలా అనిపించాడే?" అంది. నేను రోడ్డు వైపు చూస్తూ "ఏమో" అన్నాను. అంతే. ఆమె చెయ్యి కాసేపు అలాగే ఉంచి తీసేసింది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. వేసవి సెలవులు దాటేసరికి వాళ్లిద్దరూ విడిపోయారు. నా వల్లే అని చెప్పలేను. కాని ఆ రెండక్షరాలు అంతకుముందు లేని ఒక ఖాళీని ఆమెలో పెట్టాయని నాకు తెలుసు.

ఇలాంటి ఖాళీలు పూడ్చుకోవడానికే కాబోలు, ఒకప్పుడు తెలుగు ఆడవాళ్లు ముఖం తెలియని ఒక పెద్దక్కకు ఉత్తరాలు రాసుకున్నారు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' దశాబ్దాల పాటు నడిచింది. ఇంట్లో అడగలేనివి, అడిగితే మొహాలు మారిపోయేవి, అక్కడ అడిగారు. ఆవిడకు వాళ్ల కులంతో, కట్నంతో, పరువుతో పని లేదు. ఆ దూరమే వాళ్లకు కావలసింది. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది. ఫోన్‌లో వెయ్యి గొంతులున్నాయి గాని, నీ ఉత్తరం మొత్తం చదివి జవాబు రాసే మనిషి లేదు.

భయం అన్నాను. దాని మూలం కూడా పేరు పెట్టి చెప్పుకోవాలి. మన దగ్గర 'నలుగురూ ఏమనుకుంటారు' అన్న మాటలో ఆ నలుగురు చాలావరకు కులంవాళ్లే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ని పట్టపగలు, గర్భవతి అయిన భార్య కళ్లెదుట నరికి చంపారు. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది. వయసొచ్చిన ఇద్దరు పెళ్లికి సమ్మతిస్తే కుటుంబం, కులం, సంఘం సమ్మతి అక్కర్లేదని, అలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని, జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టాలని. ఆరు నెలలు కూడా గడవలేదు. ఇలాంటి నేల మీద ఒక అమ్మాయి సందేహిస్తే, అది ప్రేమ బలహీనత అనే హక్కు ఎవరికీ లేదు. అతను నన్ను ప్రేమిస్తున్నాడా అన్న ప్రశ్న వెనుక, మేము బతికుంటామా అన్న ప్రశ్న నిలబడి ఉంది.

చట్టం కూడా ఈ నలుగురినీ లోపలికి రానిచ్చింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని వివాహ అధికారి ఆఫీసులో అందరికీ కనపడేచోట అతికించాలి, సొంతూరు వేరే జిల్లా అయితే అక్కడికీ పంపాలి. ఏ ఇంటి నుంచి దూరంగా వచ్చారో ఆ ఇంటి గుమ్మం దాకా ఆ కాగితం వెళ్లగలదు. ఆ ముప్పై రోజులూ జంటలు ఎలా గడుపుతాయో నేను దగ్గరుండి చూశాను. ప్రతి ఫోన్ మోతకూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ నిబంధన పోవాలని నా గట్టి అభిప్రాయం. అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది, దాన్ని మాత్రం చదివిన ప్రతిసారీ నాకు ఊరటగా ఉంటుంది. పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. బంధువులే కావాలని లేదు. నలుగురూ వెళ్లిపోయినా ముగ్గురు చాలు అంది చట్టం. ఆ ముగ్గురూ చాలాసార్లు స్నేహితులే అవుతారు.

ఆ ముగ్గురిని కూడగట్టడం ఎలాగో మన ఊరికి కొత్త కాదు. 1881 డిసెంబరు 11న ఇదే రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు వెలేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వంట చేశారని ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సమకూర్చారు. విద్యార్థులు కాపలా కాశారు. మనం ఆ పెళ్లిని సంస్కరణ చరిత్రగా చదువుకున్నాం. నేను ఇప్పుడు దాన్ని ఇంకోలా చదువుతున్నాను. బంధువులు లేచిపోయిన పందిట్లోకి ఇంకో బంధువర్గం వచ్చి కూర్చుంది. ఆ కొత్త దంపతులు మర్నాడు పొద్దున లేచి, మేము తప్పు చేశామా అని ఒకరినొకరు చూసుకుని ఉంటారు. అప్పుడు వంటింట్లోంచి ఒకావిడ కాఫీకి పిలవకపోయినా, నీళ్ల బిందె దించిన చప్పుడు వినిపించి ఉంటుంది.

మేడమ్‌గారూ అదే చేశారు, చిన్న ఎత్తున. సందేహంతో వచ్చిన పిల్లకు ఆవిడ అభిప్రాయం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. "ఆదివారం అతన్ని తీసుకుని భోజనానికి రా" అనేవారు. వెళ్తే పప్పు, వంకాయ కూర, మాగాయ. అతనికి ప్రశ్నలు వేసేవారు కాదు, కంచాలు తీయమనేవారు. మళ్లీ కనిపించినప్పుడు "మీరిద్దరూ బాగున్నారా?" అని అడిగేవారు. ఆ 'మీరిద్దరూ' కోసం మళ్లీ మళ్లీ వెళ్లిన జంటలు ఈ హాల్లో ఉన్నాయని నాకు తెలుసు. నా స్నేహితురాలు ఆ వరండాకు ఎప్పుడూ రాలేదు. నేను 'ఏమో' అన్నాక ఇంకెవరినీ అడగాలనిపించలేదట.

ఆ సంగతి ఆమే చెప్పింది, మేడమ్‌గారు పోయిన నెలకు, మా ఇంట్లో. ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. పాత ఫొటోలు చూస్తుంటే ఉన్నట్టుండి అడిగింది. "ఆ రోజు రిక్షాలో ఏమో అన్నావు. అతనిలో నీకు ఏం కనిపించిందే?"

నలభై ఏళ్లలో నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. "అతనిలో ఏమీ కనిపించలేదే" అన్నాను. "నాకు మీ అన్నయ్య కనిపించాడు."

ఆమె ఫొటో కింద పెట్టింది. చాలాసేపటికి, "ఆ మాట అప్పుడే అనుంటే, అన్నయ్యతో నేనే మాట్లాడుకునేదాన్ని కదే" అంది.